నాలుగుసార్లు చెరిపినా తిరిగి వెలిగిన లైటు: ఇంట్లో చేసే ఈసీయూ రీసెట్‌పై ఒక కేస్ స్టడీ

కారు నా దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక లైటు కూడా వెలగడం లేదు. ఈ కేసులో నాకు ఎదురైన మొదటి ఇబ్బంది అదే. యజమాని ముందు రోజు రాత్రే ఇంజిన్ కంప్యూటర్‌ను (ఈసీయూ) రీసెట్ చేయడానికి బ్యాటరీ మైనస్ వైరు విప్పి, అరగంట ఆగి, మళ్లీ బిగించి తెచ్చారు. డాక్టరు దగ్గరికి బయలుదేరే ముందు జ్వరం మాత్ర వేసుకుని వచ్చినట్టు అయింది. చెయ్యి పట్టుకుని చూస్తే వేడి తగలదు, జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

అది 1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్. నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, గాలి దారిని తెరిచి మూసే రేకును మోటారుతో తిప్పే ఎలక్ట్రానిక్ థ్రాటిల్. ఎయిర్ ఫిల్టర్ పెట్టె దాటగానే లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంది. 1,12,000 కిలోమీటర్లు తిరిగిన బండి. ఫిర్యాదు మూడు ముక్కల్లో చెప్పారు: చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఉండి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) సన్నగా వణుకుతోంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతోంది. లైటు మొదటిసారి వెలిగినప్పుడు ఆయన ఇంట్లోనే రీసెట్ చేయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత మూడు నెలల్లో నాలుగుసార్లు చేశారు. చేసిన ప్రతిసారీ లైటు ఆరిపోయింది, ప్రతిసారీ తిరిగి వచ్చింది.

ఆయనను తప్పు పట్టడానికి నేను ఇది రాయడం లేదు. బండిని శ్రద్ధగా చూసుకునే మనిషి. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకుని పెట్రోలు పోయించిన రోజు, మీటరు రీడింగు, రీసెట్ చేసిన రోజు, లైటు మళ్లీ వెలిగిన రోజు అన్నీ రాసుకున్నారు. ఆ పుస్తకం నాకు ఎంత ఉపయోగపడిందో ముందుకు వెళ్లే కొద్దీ తెలుస్తుంది. మొదటి రీసెట్ తర్వాత లైటు 410 కిలోమీటర్లకు తిరిగి వెలిగింది. రెండో రీసెట్ తర్వాత 260కి, మూడో రీసెట్ తర్వాత 140కి. నాలుగోది నా దగ్గరికి వచ్చే ముందు రాత్రి చేశారు.

ఈ మూడు అంకెలనే నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఎలక్ట్రానిక్ వస్తువు మొండికేసిందనుకుంటే ఈ వరుస ఇలా ఉండదు. దూరం ప్రతిసారీ తగ్గుతోందంటే ఏదో ఒక వస్తువు రోజురోజుకూ అరుగుతోంది, లేదా చీలుతోంది, లేదా మూసుకుపోతోంది. కంప్యూటర్ మాట నిజమే చెబుతోంది. ఆ మాటను నాలుగుసార్లు చెరిపేశారు.

చెరిగిపోయేది ఏది

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను ఈసీయూ అంటాం. గాలి ఎంత వస్తోందో సెన్సర్ ద్వారా తెలుసుకుని, దానికి సరిపడే పెట్రోలును ఇంజెక్టర్ల ద్వారా వదలడం దాని ప్రధానమైన పని. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అన్నది అది పట్టుకోవాలని చూసే లెక్క. లెక్క కుదిరిందో లేదో సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు తక్కువైందని, మిగలకపోతే ఎక్కువైందని అర్థం.

ఆ సమాచారం ఆధారంగా ఈసీయూ రెండు సవరణలు చేస్తుంది. క్షణక్షణం చేసే సవరణను షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అదే సవరణ మళ్లీ మళ్లీ అవసరమైతే దాన్ని అలవాటుగా మార్చుకుని జ్ఞాపకం పెట్టుకుంటుంది, అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే లెక్క ప్రకారం కంటే ఎక్కువ పెట్రోలు పోస్తోందని, మైనస్ అంటే తగ్గిస్తోందని. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపల ఉంటాయి. 10 శాతం దాటితే నేను కారణం వెతకడం మొదలుపెడతాను. 20, 25 శాతం దగ్గరికి చేరేసరికి ఈసీయూ సవరించడం తన వల్ల కాదని చేతులెత్తేసి లైటు వెలిగిస్తుంది.

రీసెట్ చేస్తే ఈ జ్ఞాపకమంతా పోతుంది. దానితో పాటు లోపం కోడ్, ఆ కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో చూపించే ఫ్రీజ్ ఫ్రేమ్ రికార్డు, ఆక్సిజన్ సెన్సర్, పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వంటి వాటిని ఈసీయూ తనకు తానే పరీక్షించుకుని రాసుకున్న ఫలితాలు కూడా పోతాయి. పగిలిన పైపు పగిలినట్టే ఉంటుంది. ఇంజిన్ మళ్లీ సున్నా నుంచి నేర్చుకుంటుంది, అదే లోపాన్ని మళ్లీ కనిపెడుతుంది, అదే లైటును మళ్లీ వెలిగిస్తుంది. చాలా లోపాలకు వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వెలగాలన్న నియమం ఉంది. మొదటిసారి కనబడినప్పుడు కోడ్ లోపల పెండింగ్‌లో ఉంటుంది, రెండోసారి ఖాయమవుతుంది. రీసెట్ చేశాక నాలుగు రోజులు లైటు రాకపోతే బాగుపడిందని అనుకోవడానికి ఈ వ్యవధే కారణం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపం నిజంగా పోతే లైటును ఎవరూ ఆర్పనక్కరలేదు. వరుసగా మూడు ప్రయాణాల్లో ఆ పరీక్ష సక్రమంగా నెగ్గితే లైటు తనంతట తానే ఆరిపోతుంది. కోడ్ కూడా సాధారణంగా ఇంజిన్ 40 సార్లు చల్లారి వేడెక్కాక జ్ఞాపకం నుంచి తొలగిపోతుంది.

మొదటి రోజు: చదవడానికి ఏమీ మిగల్లేదు

స్కానర్‌ను ఓబీడీ-2 సాకెట్‌కు తగిలించాను. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ అది. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి కావడంతో ప్రపంచమంతటా అదే రూపం స్థిరపడింది. ఆకారం ఒకటే కాబట్టి ఎవరైనా ఒక చిన్న బ్లూటూత్ అడాప్టర్‌తో ఫోనులోనే ఈ సమాచారం చదువుకోవచ్చు. రీసెట్ చేయడానికి స్పానర్ పట్టుకునే ప్రతి ఒక్కరూ ముందు ఈ అడాప్టర్ పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఖాయమైన కోడ్‌లు లేవు. పెండింగ్ కోడ్‌లు లేవు. ఫ్రీజ్ ఫ్రేమ్ ఖాళీ. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు ఆవిరి వ్యవస్థ పరీక్షలు మూడూ అసంపూర్ణం. కోడ్‌లు చెరిపాక ఎంత దూరం తిరిగిందో ఈసీయూ విడిగా లెక్క పెట్టుకుంటుంది, అక్కడ 23 కిలోమీటర్లు అని ఉంది. చెరిపాక ఎన్నిసార్లు ఇంజిన్ వేడెక్కిందో ఇంకో లెక్క, అక్కడ ఒకటి. ఎవరైనా లైటు ఆర్పేసి కారు అమ్మడానికి తెస్తే ఈ రెండు అంకెలే పట్టిస్తాయి. వాడిన కారు కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

బ్యాటరీ చూశాను. ఆపి ఉంచినప్పుడు 12.5 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.1. అందులో లోపం లేదు. ఇది చిన్న పరీక్షే అయినా వదిలిపెట్టకూడదు, బలహీనమైన బ్యాటరీ లేని జబ్బులన్నీ ఉన్నట్టు చూపిస్తుంది.

ఆ రోజు నేను చేసిన ముఖ్యమైన పని ఏమీ చేయకుండా కారును తిరిగి పంపించడం. ఆయనకు అది నచ్చలేదు.

"లైటు మళ్లీ వెలిగితే ఏం చేయమంటారు?" అని అడిగారు.

"వెలగనివ్వండి. ఆర్పకుండా అలాగే తీసుకురండి. కానీ మిణుకు మిణుకుమంటూ వెలిగి ఆరుతుంటే మాత్రం నడపకండి, పక్కకు ఆపి నాకు ఫోను చేయండి."

ఈ తేడా అందరూ తెలుసుకోవాలి. నిలకడగా వెలిగితే లోపం నమోదైందని, త్వరగా చూపించాలని అర్థం. మిణుకుమంటే సిలిండర్లలో మంట సరిగా అంటుకోవడం లేదని, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. ఆ స్థితిలో రీసెట్ చేసి నడపడం కంటే పెద్ద నష్టం ఇంట్లో ఇంకేదీ చేసుకోలేం.

లైటు వెలుగుతున్న కారు

రీసెట్ నాటి నుంచి లెక్కిస్తే 118 కిలోమీటర్లకు లైటు వెలిగింది. నోటు పుస్తకంలోని వరుసకు ఇది నాలుగో అంకె: 410, 260, 140, 118. మర్నాడే కారు తెచ్చారు.

ఈసారి చదవడానికి అంతా ఉంది. కోడ్ పి0171, అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉంది. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం సున్నా, ఇంజిన్ వేగం 760 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), కూలెంట్ వేడి 86 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 23.4 శాతం, షార్ట్ టర్మ్ ప్లస్ 4.7 శాతం. కారు ఆగి ఉంది, బాగా వేడెక్కింది, ఐడ్లింగ్‌లో ఉంది, ఆ స్థితిలో ఈసీయూ మామూలు కంటే 28 శాతం దాకా ఎక్కువ పెట్రోలు పోస్తోంది. పోసినా సరిపోవడం లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోందన్న ఆయన ఫిర్యాదు ఊహ కాదు.

పి0171 పడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేవారు ఉన్నారు. కోడ్ ఏ భాగం పాడైందో చెప్పదు, ఏ లెక్క తప్పిందో చెబుతుంది. ఆక్సిజన్ సెన్సర్ తనకు కనిపించింది చెప్పింది, చెప్పినవాడిని మార్చి ప్రయోజనం లేదు. నా అనుమానాలు మూడు. గాలి సెన్సర్ మురికిపట్టి వచ్చే గాలిని తక్కువగా చూపిస్తూ ఉండాలి. పెట్రోలు పంపు లేదా ఫిల్టర్ బలహీనపడి పీడనం చాలక పోయి ఉండాలి. లేదా సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో ఒక చోట నుంచి లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతూ ఉండాలి.

ఈ మూడింటినీ విడదీయడానికి ఒక్క భాగం కూడా విప్పనక్కరలేదు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ చూసి, తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి చూస్తే చాలు. పంపు బలహీనమైతే ఇంజిన్ ఎక్కువ అడిగే కొద్దీ లోటు పెరుగుతుంది. సెన్సర్ మురికైతే లోటు అన్నిచోట్లా ఉంటుంది, ఎక్కువ గాలి దగ్గర ఇంకా పెరుగుతుంది. గాలి దొంగచాటుగా దూరుతుంటే కథ తలకిందులవుతుంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల శూన్యత గట్టిగా ఉంటుంది, చిన్న చీలిక నుంచి కూడా గాలి బలంగా లాగబడుతుంది. ఇంజిన్ లోపలికి తీసుకునేదే తక్కువ కాబట్టి దొంగగాలి వాటా పెద్దదవుతుంది. థ్రాటిల్ తెరిచేసరికి శూన్యత తగ్గి, అసలు గాలి పెరిగి, ఆ వాటా చిన్నదైపోతుంది.

ఈ కారులో ఐడ్లింగ్‌లో మొత్తం ప్లస్ 28, 2,500 ఆర్‌పీఎం దగ్గర మొత్తం ప్లస్ 7. సందేహం లేదు, మూడోదే.

గాలి సెన్సర్ బదులు మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే సెన్సర్‌తో నడిచే కార్లలో ఈ పద్ధతి ఇంత స్పష్టంగా పనిచేయదు. అక్కడ దూరిన గాలి కూడా పీడనం రూపంలో లెక్కలోకి వస్తుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా పెరగదు, ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది. మీ కారులో ఏ సెన్సర్ ఉందో తెలుసుకోకుండా పైన చెప్పిన అంకెలతో పోల్చుకోకండి.

చీలిక ఎక్కడ

వెతకడానికి చాలామంది మండే స్ప్రేలు వాడతారు. ఇంజిన్ మీద కొట్టి, వేగం మారితే అక్కడ లీకు అంటారు. వేడి సైలెన్సర్ పక్కన ఆ పని ఎవరినీ చేయమని నేను చెప్పను, నేనూ చేయను. లోపలికి పొగ పంపి చీలికను చూపించే పొగ యంత్రం ఉంటే మంచిది. అది లేకపోయినా ఇంట్లో చేయగలిగిన సురక్షితమైన పద్ధతి ఒకటి ఉంది: మానిఫోల్డ్‌లోకి వెళ్లే రబ్బరు పైపులను ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన క్లాంపుతో నొక్కి పట్టి, షార్ట్ టర్మ్ ట్రిమ్ ఏమవుతుందో ఫోనులో చూడటం. వదులు దుస్తులు, వేలాడే గొలుసులు లేకుండా, ఫ్యానుకు, బెల్టుకు దూరంగా నిలబడి చేయాలి.

బ్రేక్ బూస్టర్ పైపు నొక్కాను, మార్పు లేదు. పెట్రోలు ఆవిరి పైపు నొక్కాను, మార్పు లేదు. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్ కేసులోని గాలిని మానిఫోల్డ్‌కు చేర్చే పీసీవీ పైపును మానిఫోల్డ్ దగ్గర నొక్కగానే ఇంజిన్ కుంగింది, షార్ట్ టర్మ్ ట్రిమ్ నాలుగైదు సెకన్లలో ప్లస్ 4.7 నుంచి మైనస్ 15.6కి పడిపోయింది.

పైపు విప్పి తీశాను. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. వంపు దగ్గర అడుగున, ఇంజిన్ వైపు తిరిగి ఉన్న చోట, గోరంత పొడవున చీలిక. నూనె ఆవిరికి నాని, వేడికి ఎండి, రబ్బరు గట్టిపడింది. వంచితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. చీలిక పొడవు పెరిగే కొద్దీ లైటు తిరిగి వెలిగే దూరం తగ్గుతూ వచ్చింది. ఆయన పుస్తకంలోని అంకెలకు అర్థం అదే.

"టేపు చుడితే సరిపోదా?" అని అడిగారు. నూనె తగిలే చోట టేపు నిలవదు, విడిపోతే ఆ ముక్క లోపలికి లాగబడుతుంది. నూనెకు తట్టుకునే అదే కొలత పైపు, కొత్త క్లిప్పులు వేశాను.

ఇప్పుడు రీసెట్ ఎందుకు కావాలి

పైపు మార్చాక ఇంజిన్ బాగుపడాలి కదా. బాగుపడలేదు, ఇంకా దిగజారింది. ఐడ్లింగ్ 600కి పడి కొట్టుకుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చింది. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 23.4 అలాగే ఉంది, షార్ట్ టర్మ్ మైనస్ 18.8 చూపిస్తోంది.

ఇంతకాలం లెక్కలోకి రాని గాలికి సరిపెట్టుకోవడానికి అలవాటు చేసుకున్న పెట్రోలును ఈసీయూ ఇంకా పోస్తూనే ఉంది. చీలిక నుంచి వచ్చే గాలి ఉందన్న ధీమాతో థ్రాటిల్‌ను కూడా ఎక్కువగా మూసి ఉంచడం నేర్చుకుంది. ఆ గాలి ఆగిపోయింది, అలవాటు ఆగలేదు. వదిలేస్తే కొన్ని రోజుల్లో తనే సర్దుకుంటుంది, ఈలోగా పెట్రోలు ఎక్కువైందన్న కొత్త కోడ్ పడే అవకాశం కూడా ఉంది. లోపం తొలగిన తర్వాత పాత అలవాటును చెరపడానికే రీసెట్ ఉన్నది. మందు వేశాక పాత కట్టు విప్పడం లాంటి పని అది.

చెరిపే ముందు థ్రాటిల్ బాడీ కూడా విప్పి చూశాను. రేకు అంచు చుట్టూ నల్లటి మసి వలయం కట్టింది. తాళం చెవి తీసేసి, థ్రాటిల్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడిచాను. మోటారుతో తిరిగే ఈ రేకును వేలితో బలంగా నెట్టకూడదు, లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. తుడిచాక అంతే తెరుపుకు ఎక్కువ గాలి వెళుతుంది కాబట్టి ఐడ్లింగ్ నేర్పించడం ఎలాగూ తప్పదు. పైపు మార్చి, దాని ఫలితం ట్రిమ్‌లో స్పష్టంగా చూసిన తర్వాతే థ్రాటిల్ ముట్టుకున్నాను. రెండూ ఒకేసారి చేసి ఉంటే ఏది దేన్ని బాగుచేసిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

స్కానర్‌తో చెరిపితే ఈ కారులో కోడ్, ఫ్యూయల్ ట్రిమ్ పోయాయి, థ్రాటిల్ అలవాటు మాత్రం పోలేదు. కార్లన్నీ ఒకలా ఉండవు. పాత కార్లలో బ్యాటరీ విప్పితే జ్ఞాపకమంతా చెరుగుతుంది. కొత్త వాటిలో చాలా విషయాలు కరెంటు పోయినా నిలిచే చిప్‌లో ఉంటాయి, బ్యాటరీ ఎన్ని గంటలు విప్పినా చెరగవు. అమెరికా నిబంధనల ప్రకారం 2010 నుంచి వచ్చిన శాశ్వత కోడ్‌లు స్కానర్‌కూ లొంగవు, బ్యాటరీకీ లొంగవు. పరీక్ష నెగ్గాక ఈసీయూ తానే తీసేయాలి. ఇంట్లో రీసెట్ చేసి కాలుష్య పరీక్ష దాటేయవచ్చన్న ఆశకు అక్కడ తావు లేదు.

ఈ కారుకు బ్యాటరీ పద్ధతి కూడా అవసరమైంది. ఆ పనిని ఆయన ఇంటి దగ్గర, ఆయన చేతులతోనే చేయించాను. ఇన్నాళ్లూ ఎలా చేస్తున్నారో నాకూ చూడాలని ఉంది.

ముందుగా రేడియోకు కోడ్ నంబరు ఉందేమో చూసుకున్నాం. డ్రైవర్ వైపు అద్దం దించాం, డిక్కీ తెరిచి ఉంచాం. కరెంటుతో తెరుచుకునే తాళాలున్న కార్లలో ఈ జాగ్రత్త మరచిపోతే బ్యాటరీ లేకుండా బయటే నిలబడాలి. ఇంజిన్ ఆపి, తాళం చెవి కారుకు దూరంగా పెట్టి, 20 నిమిషాలు ఆగాం. తాళం తీసిన తర్వాత కూడా లోపలి కంప్యూటర్లు కొంతసేపు పనిచేస్తూ, నేర్చుకున్నది రాసుకుంటూ ఉంటాయి. మధ్యలో కరెంటు లాగేస్తే ఆ రాత చెడవచ్చు. ఆయన ఇదివరకు ఈ విరామం ఇవ్వలేదు, కారు ఆపిన వెంటనే విప్పేవారు.

పదో నంబరు స్పానర్‌తో మైనస్ టెర్మినల్ ముందు విప్పించాను. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. విప్పిన కొసకు గుడ్డ చుట్టి పక్కకు వంచి, అరగంట వదిలేశాం. ఈలోగా కేబుళ్ల కొసలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే త్వరగా చెరుగుతుందట కదా అని అడిగారు. వద్దన్నాను. ఎంతోమంది చెప్పే చిట్కానే అయినా, సున్నితమైన సర్క్యూట్ల మీద అటువంటి ప్రయోగం చేయవలసిన అవసరమే లేదు, సమయం ఇస్తే అదే పని జరుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ విప్పడం అంతకంటే ప్రమాదం. బ్యాటరీ ఆధారం లేని ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) నుంచి ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగిసి కంప్యూటర్లను కాల్చేయగలవు. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లకూడదు.

మైనస్ మళ్లీ బిగించేటప్పుడు లైట్లు, ఏసీ, రేడియో అన్నీ ఆపి ఉంచాం. తర్వాత చేసిందే అసలు పని, ఆయన ఇన్నాళ్లూ చేయనిదీ ఇదే. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కాసేపు ఆగాం. థ్రాటిల్ తన రెండు చివరలనూ వెతుక్కుంటున్న సన్నని చప్పుడు వినిపించింది. తర్వాత పెడల్ తాకకుండానే స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఐడ్లింగ్‌లో వదిలాం. ఏసీ వేసి ఇంకో రెండు మూడు నిమిషాలు. మొదట 950 దగ్గర తిరిగిన ఇంజిన్ మెల్లగా దిగి 720 దగ్గర నిలిచింది. కొన్ని కంపెనీల కార్లకు ఈ క్రమం వేరుగా ఉంటుంది, మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఏముంటే అదే సరైనది.

ఇదివరకు ఆయన బ్యాటరీ బిగించగానే ఏసీ వేసుకుని రోడ్డెక్కేవారు. మూడో రీసెట్ నాడు ఒక కూడలిలో బండి ఆగిపోయిందని, వెనుక నుంచి వాహనాలు వస్తుంటే భయపడ్డామని ఆయన భార్య అప్పుడు చెప్పారు. మసిపట్టిన థ్రాటిల్‌కు ఎంత తెరవాలో నేర్చుకున్న జ్ఞాపకం పోయింది, కొత్తగా నేర్చుకోవడానికి సమయం దొరకలేదు. రీసెట్ తర్వాత మొదటి ప్రయాణం రద్దీ లేని దారిలోనే చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

చివరగా అద్దాల ఆటోమేటిక్ కదలికను స్విచ్ పైకి నొక్కి పట్టి మళ్లీ నేర్పించాం, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాం, గడియారం సరిచేశాం.

తర్వాతి అంకెలు

మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, రెండు నిమిషాల ఐడ్లింగ్, పావుగంట గంటకు 80 కిలోమీటర్ల స్థిర వేగం, బ్రేకు వేయకుండా గేరులోనే వేగం తగ్గనివ్వడం, ఇలా రెండుసార్లు నడిపించాను. ఈసీయూ తన పరీక్షలు చేసుకోవడానికి ఇటువంటి ప్రయాణం కావాలి. ట్యాంకు సగం ఉండేలా చూశాం, మరీ నిండుగా లేదా ఖాళీగా ఉంటే ఆవిరి వ్యవస్థ పరీక్ష మొదలే కాదు.

300 కిలోమీటర్ల తర్వాత ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 1.6, 2,500 దగ్గర ప్లస్ 2.3. ఆక్సిజన్ సెన్సర్, ఆవిరి వ్యవస్థ పరీక్షలు నాలుగో రోజుకే పూర్తయ్యాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ పరీక్ష మాత్రం తొమ్మిది రోజులు పట్టింది, ఆయన రోజువారీ ప్రయాణాలు మరీ చిన్నవి కావడమే అందుకు కారణం. నోటు పుస్తకంలో ఐదో గడి ఖాళీగానే ఉంది. చివరిసారి చూసినప్పుడు, చెరిపాక తిరిగిన దూరం 2,140 కిలోమీటర్లు, పెండింగ్ కోడ్‌లు లేవు.

ఒక్క విషయం ఇంకా కనిపెట్టి చూస్తున్నాను. మూడు నెలలు అవసరం లేని పెట్రోలు, సరిపడని మిశ్రమం మార్చి మార్చి భరించిన కన్వర్టర్ వెనుక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రీడింగు మొత్తం మీద నిలకడగానే ఉన్నా, ఈ కిలోమీటర్లు తిరిగిన కార్లలో నేను చూసే దానికంటే కాస్త ఎక్కువగా ఊగుతోంది. కోడ్ పడే స్థాయికి దూరంగానే ఉంది. ఆ రీడింగును తేదీతో సహా ఆయన పుస్తకంలోనే రాయించాను, తర్వాతి సర్వీసులో అదే వేడి దగ్గర, అదే వేగం దగ్గర మళ్లీ తీస్తాం.